పైన పది రూపాయలు

అరకు వెళ్లి వచ్చానంటే అందరూ గుహలు చూశారా అని అడుగుతున్నారు. చూశాను. పెద్దవి, లోపల చల్లగా తడిగా ఉంది, గబ్బిలాల వాసన వేసింది. వాటి గురించి నాకంటే బాగా రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నేను చెప్పదలచుకున్నది అరకుకూ పాడేరుకూ మధ్య ఉన్న ఒక కూడలి గురించి. ఒక కిరాణా కొట్టు, రెండు టీ బడ్డీలు, రేకుల చర్చి, బస్సు ఆగే చోట సిమెంటు బల్ల. అక్కడ ఉన్నది అంతే. ఆ ఊరి పేరు రాయడం లేదు. రాయనని ఒకాయనకు మాటిచ్చాను. మనుషుల పేర్లు కూడా మార్చాను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే.

రైలు

ఇద్దరం చేయాల్సిన ప్రయాణం ఇది. మా పేపరు డెస్కులో ఇరవై ఏళ్లు నా ఎదురు కుర్చీలో కూర్చున్న మిత్రుడు, నా రిటైర్మెంట్ సభలో మైకు పట్టుకుని ప్రకటించాడు, ఇద్దరం కలిసి అరకు వెళుతున్నామని. అందరూ చప్పట్లు కొట్టారు. నెలన్నర తర్వాత, బయల్దేరే ముందు రోజు సాయంత్రం ఫోన్ చేసి, డెస్కులో మనుషులు తక్కువగా ఉన్నారు, సెలవు దొరకలేదు అన్నాడు. ఆ తగ్గిన మనిషిని నేనేనని ఇద్దరికీ తెలుసు.

విశాఖలో పొద్దున్నే ప్యాసింజరు ఎక్కాను. శృంగవరపుకోట దాటాక కొండలు మొదలయ్యాయి. యాభైకి పైగా సొరంగాలు. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలోని కాలేజీ పిల్లలు ఒక్క గొంతుతో కేక వేస్తారు, వెలుగు రాగానే ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వుతారు. పదో సొరంగానికి నాకూ అరవాలనిపించింది. నోరు తెరిచాను కూడా. వెలుగు వచ్చాక ఎవరి మొహం చూసి నవ్వాలో తెలియక మూసేశాను.

మిత్రుడి పేరు మీద కొన్న సీటులో ఒక స్టేషన్ దగ్గర సీతాఫలాల బుట్టతో ఒకావిడ కూర్చుంది. బుట్ట మొత్తం ఇరవై రూపాయలంది. ఒక్కణ్ని అంత ఏం చేసుకుంటానంటే, నాలుగు తీసి ఒళ్లో పెట్టి రెండు రూపాయలు తీసుకుంది. మా బెజవాడ రైతుబజారులో రెండు రూపాయలకు వాటి తొక్క కూడా రాదు.

శుక్రవారం సంత

లాడ్జిలో ఒక మంచం గది లేదు. ఉన్నదల్లా రెండు మంచాల గదులే, అద్దె ఇద్దరిది. "ఒక్కరే వచ్చేరేటండీ అరకు?" అన్నాడు కౌంటర్లో మనిషి. ఎగతాళి కాదు. నిజంగానే ఆశ్చర్యపోయాడు. రిజిస్టరులో 'ఎంతమంది' అన్న గడిలో ఒకటి వేసి, నావైపు చూసి, దాని మీదే మళ్లీ ఒకటి దిద్దాడు.

మర్నాడు శుక్రవారం, సంత. పొద్దున ఎనిమిదికే కొండల మీది నుంచి వరసలుగా దిగుతున్నారు. ఆడవాళ్లు నెత్తిన పసుపు, అల్లం, చోళ్లు, రాజ్మా గింజలు పెట్టుకుని, మాట్లాడుకుంటూ ఒకరి వెనక ఒకరు నడుస్తున్నారు. చోళ్లంటే మన రాగులే. ఆ ఊళ్ల చుట్టూ కాఫీ తోటలున్నాయి గాని కాఫీ తాగేవాడు ఒక్కడు కనపడలేదు. అందరి చేతిలోనూ చోడి అంబలి, లేకపోతే టీ.

అర కిలో రాజ్మా కొన్నాను. అమ్మినావిడ డబ్బాతో కొలిచి సంచిలో పోసి, అడక్కుండానే ఇంకో గుప్పెడు వేసింది. మా వైపు కొసరు కావాలంటే బేరం ఆడి, మొహం చిట్లించి, వెళ్లిపోతున్నట్టు నాలుగు అడుగులు వేసి సాధించుకోవాలి. "ఇదెందుకమ్మా?" అన్నాను. "ఉండనీ బావూ. ఇంటికాడ తినేవోలుంటారు కదా," అంది. ఉండరని చెబుదామంటే ఆవిడకు వినే తీరిక లేదు.

సంతలో ఇలా ఉంటే, రోడ్డు పక్క కొట్లలో లెక్క తిరగబడింది. కూల్ డ్రింక్ సీసా మీద ఉన్న ధరకు రెండు రూపాయలు ఎక్కువ, అది కూలింగు చార్జి. బ్యాటరీలకు రూపాయి. కెమెరా రీలుకు ఐదు. అడిగితే అందరిదీ ఒకటే సమాధానం: "ఘాటీ ఎక్కి రావాల కదండీ." నేను నోటుబుక్కు తీసి ఎడమవైపు ముద్రించిన ధర, కుడివైపు తీసుకున్న ధర రాసుకున్నాను. ముప్పై ఏళ్ల అలవాటు. ఎవరూ రాయమనలేదు, రాస్తే వేసేవాళ్లూ లేరు.

ఆదివారం

శనివారం గుహలకు పోయింది. ఆదివారం ఏమీ లేదు.

లాడ్జి ముందు మూడు టూరిస్టు బస్సులు ఆగాయి. ఒక కుటుంబం వాళ్లు వలిసె పూల చేనులో ఫోటో తీయమని కెమెరా నా చేతికిచ్చారు. పసుపు పూల మధ్య పదకొండు మంది. తీశాక "మీరు కూడా రండి అంకుల్, ఒకటి దిగండి" అన్నారు. వెళ్లి చివర నిలబడ్డాను. ఆ ఫోటో ఎవరి ఆల్బంలో ఉందో, దాన్ని చూసినప్పుడల్లా ఈయనెవరో అని వాళ్లు ఏమనుకుంటారో.

సాయంత్రం మిత్రుడికి ఫోన్ చేశాను. "పేజీలు పెట్టేస్తున్నాం, మళ్లీ చేస్తా" అన్నాడు. చేయలేదు. ఆ సమయానికి పేజీలు పెట్టేస్తుంటారని నాకు తెలుసు. తెలిసే ఎందుకు చేశానో తెలియదు.

కూడలి

సోమవారం, నెలాఖరుకు ఒక రోజు ముందు, పాడేరు బస్సెక్కాను. అక్కణ్నుంచి లంబసింగి వెళ్లి చలి ఎలా ఉంటుందో చూడాలని. సగం దారిలో రేడియేటర్ పైపు పగిలింది. కొత్తది పాడేరు నుంచి రావాలన్నారు. కుర్రాళ్లు జీపుల టాపులెక్కి వెళ్లిపోయారు. ఆ వయసు నాకు దాటింది. కూడలిలో దిగి కొట్టు ముందు బెంచీ మీద కూర్చున్నాను.

కొట్టు సన్యాసిరావుది. మైదానం నుంచి ఇరవై ఏళ్ల కింద వచ్చి స్థిరపడిన మనిషి, బొద్దుగా, భుజాన తువ్వాలుతో ఉన్నాడు. కొట్లో కిరసనాయిలు వాసన. ఒక మూల ఎర్రటి కాయిన్ ఫోను.

కాసేపటికి ఒక టీచరు వచ్చి బస్సు పాసు, డబ్బులు ఇచ్చాడు. సన్యాసిరావు డబ్బు చూసుకుని, పాసును బిస్కెట్ల డబ్బాలో వేశాడు. అందులో అప్పటికే తొమ్మిది పాసులున్నాయి. ఫోటో అతికించిన కార్డు ఒకటి, దానితోపాటు నెలకోసారి మార్చే టికెట్టు ఒకటి, రెండూ ప్లాస్టిక్ కవర్లో ఉంటాయి. కొత్త నెల టికెట్టు పాడేరు కౌంటర్లోనే ఇస్తారు, అదీ పగటిపూటే. అందుకని నెలాఖరున ఈయన అందరివీ పట్టుకెళ్లి మార్పించి తెస్తాడు. రోజూ ఎక్కేవాళ్లే కాబట్టి ఆ ఒక్క రోజుకు కండక్టరు పాసు అడగడు. టికెట్టు ధర కాక పాసుకు పైన పది రూపాయలు.

నేను ఊరుకుని ఉంటే ఈ కథ లేదు.

"పది దేనికండీ?" అన్నాను.

"ఎల్లి తేవాల కదా బావూ."

"టికెట్టు మీద ధర ఉంటుంది కదా. పైన తీసుకున్నదానికి రసీదు ఇస్తారా?"

"రసీదా?" అన్నాడు, ఆ మాట మొదటిసారి విన్నట్టు.

"నెలకు ఎన్ని పాసులు వస్తాయి?"

అప్పటికి నోటుబుక్కు నా ఒళ్లో తెరిచి ఉంది. ఎప్పుడు తీశానో నాకే తెలియదు. ఆయన చూపు నా మొహం మీంచి పెన్ను మీదికి దిగింది.

"తమరు పేపరా?"

అవుననలేదు, కాదనలేదు. ఎదుటివాడు ఇలా అడిగినప్పుడు మాట్లాడకుండా ఉంటే వాడే మిగతాది చెబుతాడని ఉద్యోగంలో నేర్చుకున్నాను. ఈయన చెప్పలేదు. డబ్బాలో పాసులన్నీ తీసి, వాటికి చుట్టిన డబ్బులతో సహా బల్ల మీద పెట్టాడు. టీచరుది టీచరుకు ఇచ్చేశాడు. "ఒద్దు నాయనా. నాలుగేళ్ల కింద కిరసనాయిలు గురించి ఒకాయన ఇలాగే అడిగి రాసుకెళ్లినాడు. రెండు నెలలు కొట్టు మూయించినారు. ఎవుల పాసు ఆలే తెచ్చుకోండి."

సర్దిచెప్పబోయాను. ఆయన లోపలికి వెళ్లి మరి రాలేదు.

సాయంత్రం ఐదింటి బస్సులో మార్తమ్మ దిగింది. నలభై ఐదేళ్లుంటాయి, సన్నగా ఉంది, చేతిలో స్టీలు క్యారేజి. పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో, అరకు వైపు, మిషన్ హాస్టల్లో వంట చేస్తుంది. పొద్దున ఆరున్నర బస్సుకు వెళితే సాయంత్రం ఇదే బస్సుకు వస్తుంది. పాసు ఇద్దామని కొట్టు దగ్గరికి వచ్చింది. సన్యాసిరావు తలుపు సందులోంచి నావైపు వేలు చూపించి, విషయం చెప్పి, మళ్లీ లోపలికి పోయాడు.

ఆవిడ వచ్చి నా ముందు నిలబడింది.

"ఏటి బావూ, ఏటి రాసుకున్నారు?"

"నేను మీ మంచికేనమ్మా అడిగాను. పది రూపాయలు ఎక్కువ తీసుకుంటున్నాడు కదా అని."

"తీసుకుంటే? మేమేనా మీకు సెప్పేము, ఎక్కువని?" క్యారేజి బల్ల మీద పెట్టింది. "పాడేరు నేనెల్లాలంటే ఒక రోజు పని మానాల. ఆ పది పెట్టి నేను ఒక రోజు కొనుక్కుంటన్నాను. మీకు పదే కనపడిందేటి?"

పెన్నుకు మూత పెట్టాను.

"రేపటితో పాసు అయిపోద్ది. ఎల్లుండి నుంచి టికెట్టు కొనుక్కోవాల. రోజూ పోనూ రానూ కొంటే జీతంలో సగం బస్సుకే. రేపు పాడేరెల్దామంటే సిస్టరమ్మ మొన్ననే సెప్పింది, ఇంకొక్క రోజు మానితే ఏరేదాన్ని పెట్టుకుంటానని. జొరమొచ్చి రెండు రోజులు మానేను. ఆ పని కోసం ఇద్దరు గుంటలు గేటు కాడ నిలబడుతున్నారు, తెలుసా?"

బెంచీ మీద కూర్చున్న ఇద్దరు ముసలివాళ్లు నావైపు చూస్తున్నారు. రేపు నేను పాడేరు వెళుతున్నానని, అన్ని పాసులూ మార్పించి సాయంత్రానికి తెస్తానని చెప్పాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది.

"మీరు తిరిగి రాకపోతే?"

"వస్తానమ్మా."

"అలాగైతే మీ సంచి ఇక్కడ పెట్టి ఎల్లండి. ఆ పుస్తకం కూడా అందులో పెట్టండి."

పెట్టాను. ఆవిడ తన పాసు, బల్ల మీద ఉన్నవి, టీచరు తిరిగి ఇచ్చినది కలిపి నా చేతిలో పెట్టి, సంచి తీసుకుని, బరువెంతుందో చేత్తో చూసి, ఇంటికి పట్టుకుపోయింది. ఆ రాత్రికి చర్చి పక్క గది ఇచ్చారు. ముసలివాళ్లలో ఒకాయన అరిటాకులో అన్నం, చింతపండు వేసిన లేత వెదురు కొమ్ముల కూర తెచ్చిపెట్టాడు. నేను తింటున్నంతసేపూ గుమ్మం దగ్గర నిలబడే ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. ఆకు తీసి పారేసి, "పేపరోలు ఒక్కరే తిరుగుతారేటి?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు.

పాడేరు

పాసుల కౌంటరు పదింటికి తెరుస్తారు, మూడింటికి మూస్తారు. నా ముందు అరవై మంది దాకా ఉన్నారు. ఎక్కువమంది హాస్టలు విద్యార్థులు. నెలాఖరు కదా. చేతిలో పదకొండు పాసులు, జేబులో పదకొండు చుట్టల డబ్బు. సంచి లేదు, పుస్తకం లేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నిలబడ్డాను.

పదకొండున్నరకు కిటికీ దగ్గరికి వచ్చాను. లోపల క్లర్కు కళ్లద్దాలావిడ. పాసులు చూడగానే గుర్తుపట్టింది.

"ఇవి సన్యాసిరావు గారివి కదా. ఆయనకి ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉన్నారు. ఈసారి నేను వచ్చాను."

"ఆయనైతే పేర్లన్నీ వరసగా రాసుకొచ్చి, చిల్లరతో సహా ఇస్తారు," అంది. నేను చిల్లర తేలేదు. రోడ్డు దాటి, అక్కర్లేని సబ్బు ఒకటి కొని, చిల్లర తెచ్చాను. వచ్చేసరికి ఆవిడ పది పాసులు పక్కకు పెట్టి పదకొండోది చేతిలో పట్టుకుని ఉంది. మార్తమ్మది.

"ఈ కార్డుకు ఈ రోజుతో ఏడాది నిండింది. టికెట్టు ఒక్కటే ఇస్తే లాభం లేదు, కొత్త కార్డు చెయ్యాలి. ఫోటో, ఆవిడ సంతకం పెట్టిన ఫారం తెచ్చారా?"

"ఆవిడ పనికి వెళ్లింది. అరకు వైపు."

"అయితే రేపు రమ్మనండి. ఫారం లేకుండా నేనేం చేయలేనండీ."

ఆవిడ తప్పేమీ లేదు. మార్తమ్మ నాకెందుకు చెప్పలేదంటే, ఏడాది ఎప్పుడు నిండుతుందో చూసుకోవడం ఆవిడ పని కాదు. ఆ పని సన్యాసిరావుది. ఆ పది రూపాయల్లో అది కూడా ఉందని నాకు ఎవరూ చెప్పలేదు. రసీదు అడిగానే గాని ఏమేం చేస్తావని అడగలేదు.

నా సెల్లుకు ఆ కొండల్లో సిగ్నల్ లేదు. బస్టాండులో ఎస్టీడీ బూత్‌కు వెళ్లి కొట్టులోని కాయిన్ ఫోనుకు చేయించాను. నంబరు క్లర్కే ఇచ్చింది. ఆవిడకు నోటికి వచ్చు.

"ఎవులూ?"

"నేనండీ. నిన్న మీ కొట్టు దగ్గర..."

"పేపరు బాబా? నానేటీ మాట్లాడను."

"మార్తమ్మ కార్డుకు ఏడాది నిండిందట. ఫోటో, ఫారం..."

"తెలుసు. పోయిన ఆదివారమే చర్చి కాడ సంతకం పెట్టించినాను. కవర్లో పెట్టి ఉంచినాను."

"మరి పొద్దున నాకు ఇవ్వలేదేం?"

"మీకెందుకిత్తాను? సంతకాలు కూడా ఈడే పెట్టిత్తన్నాడు అని రాసుకోటానికా?"

గోడ మీద మీటరు అంకెలు మారుతున్నాయి. బూత్ తలుపు సరిగా పడదు. బయట ముగ్గురు తమ వంతు కోసం నిలబడి నా మాటలు వింటున్నారు.

"మీ పేరు రాయను. ఊరి పేరూ రాయను. మాటిస్తున్నాను."

"ఆ కిరసనాయిలాయన కూడా ఇలాగే మాటిచ్చినాడు బావూ."

ఇక ఆయనకు ఇవ్వడానికి నా దగ్గర మిగిలింది ఒకటే. దాన్ని ఆ రోజు వరకు ఎవరితోనూ నా నోటితో అనలేదు. ఇంటి ఓనరు ఈ మధ్య డ్యూటీకి వెళ్లడం లేదేమని అడిగితే సెలవు పెట్టానన్నాను. రైల్లో సీతాఫలాలావిడ అడిగితే పేపర్లో పనిచేస్తానన్నాను. నా ప్రెస్ కార్డు కూడా ఇంకా పర్సులోనే ఉంది.

"సన్యాసిరావు గారూ, నాకు పేపరు లేదు."

"అంటే?"

"రిటైరయ్యాను. నెలన్నరయింది. నేను రాసినా వేసుకునేవాళ్లు లేరు. ఆ పుస్తకం అలవాటు కొద్దీ తీశాను."

అవతల పెద్దగా నవ్వు. ఆయన ఫోను చేత్తో మూయకుండానే కొట్లో వాళ్లకు చెబుతున్నాడు: "ఒరే, ఆయన పేపరు కాదంటరా! రిటైరంట! నిన్నటి కాణ్నుంచి నాను ఉత్త పున్నానికి బయపడి సచ్చినాను!" కొట్లో ఇంకెవరో నవ్వారు. బూత్ బయట నిలబడ్డ మనిషి కూడా నవ్వు ఆపుకుంటున్నాడు.

"నిజమేనా బావూ?" మళ్లీ ఫోన్లోకి వచ్చాడు. గొంతు మారింది.

"నిజమే."

"ఇంటికాడ ఎవులున్నారు మరి?"

"ఎవరూ లేరు."

"ఓలమ్మా," అన్నాడు. "అయితే ఇనండి. పన్నెండున్నర బస్సు డ్రైవరుకి కవరిత్తాను. మీరు బస్టాండులోనే ఉండండి, ఎక్కడికీ ఎల్లకండి. తెల్ల కవరు. సొక్కా జేబులో పెట్టుకుంటాడు, అడగకపోతే మర్సిపోతాడు."

బస్సు రెండింటికి రావాలి. రాలేదు. రెండుంబావుకూ రాలేదు. భోజనానికి వెళితే ఆలోగా వచ్చేస్తుందేమోనని వేయించిన శనగలు తింటూ అక్కడే నిలబడ్డాను. లంబసింగి బస్సు ఒకటి నా ముందునుంచే కదిలి వెళ్లింది. కండక్టరు నావైపు చూసి "లంబసింగేనా?" అని కేకేశాడు. తల అడ్డంగా ఊపాను. ఉద్యోగంలో ఎన్ని వార్తల కోసం ఎన్ని గుమ్మాల దగ్గర కాసుకుని ఉన్నానో లెక్కలేదు. ఒక తెల్ల కవరు కోసం అలా చూడటం అదే మొదలు.

రెండూ నలభైకి వచ్చింది. సన్యాసిరావు చెప్పినట్టే డ్రైవరు మర్చిపోయాడు. నేను అడిగితే నాలిక కరుచుకుని జేబులోంచి తీశాడు. కవరు మడతలు పడి, చెమటకు తడిసి ఉంది. లోపల ఫారం, రెండు ఫోటోలు, కొత్త కార్డుకు కట్టాల్సిన డబ్బు సరిగ్గా చిల్లరతో. మార్తమ్మ ఇచ్చి ఉంచిందో, ఆయనే వేశాడో తెలియదు. పరుగెత్తాను. పరుగెత్తి చాలా ఏళ్లయింది. క్లర్కు రిజిస్టరు మూసేస్తోంది.

"వచ్చిందా?" అంది. మళ్లీ తెరిచింది.

కొట్టు ముందు

సాయంత్రం నేను బస్సు దిగేసరికి కొట్టు ముందు పాసుల వాళ్లు పది మంది ఉన్నారు. కాసేపటికి అరకు వైపు బస్సులో మార్తమ్మ వచ్చింది. అప్పటికే సన్యాసిరావు అందరికీ నా సంగతి చెప్పేసినట్టున్నాడు. నన్ను 'పేపరు బాబు' అన్నవాళ్లు ఇప్పుడు ఏమీ అనడం లేదు. బెంచీ మీద జరిగి చోటిచ్చారు.

పాసులు పంచాను. ఒక్కొక్కరూ తమ పాసు తీసుకుని, వెలుతురుకు పట్టి చూసుకుని, పది రూపాయలు నా ముందు పెట్టారు.

"ఇవి నాకు వద్దు. సన్యాసిరావు గారికి ఇవ్వండి," అన్నాను.

"నానెందుకు తీసుకుంటాను?" అన్నాడాయన కొట్లోంచి. "లైన్లో నిలబడింది నానా? మార్తమ్మది మాత్రం నాకియ్యండి. ఆ కవరు నాది."

"అయితే ఎవరివి వాళ్లు తీసేసుకోండి. నాకేం అక్కర్లేదు."

మార్తమ్మ నా సంచి ఇంటినుంచి తెచ్చి బల్ల మీద పెట్టింది. "అలా కాదు," అంది. నిన్నటి కోపం లేదు. చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పింది. "మీరు ఊరికే తెచ్చేరనుకోండి. ఒచ్చే నెల వీలందరూ ఈయన్ని కూడా ఊరికే తెమ్మంటారు. కొట్టు మూసుకుని ఊరికే ఎందుకెల్తాడు? ఎల్లడు. అప్పుడు నా పాసు ఎవులు తెత్తారు? మీరొచ్చి తెత్తారేటి?"

అందరూ నవ్వారు. "ఇంత ఆలీసంగా తెత్తే మాకొద్దు," అన్నాడు ముసలాయన. మళ్లీ నవ్వారు. నేనూ నవ్వాను.

తీసుకున్నాను. పది పాసులకు వంద రూపాయలు. బస్సు చార్జీలు, ఫోను బిల్లు, శనగలు, సబ్బు పోతే ముప్పై చిల్లర మిగిలింది. ఆ పని కోసం సన్యాసిరావు నెలకో రోజు కొట్టు మూస్తాడు. ఆ సబ్బు ఆయనకే ఇచ్చాను. వెనక్కి తిప్పి ధర చూసి, "ఎంతకిచ్చినాడు?" అని అడిగాడు. చెప్పాను. "మా కన్నా రూపాయి ఎక్కువే," అన్నాడు, సంతోషంగా.

ఒకటో తారీకు

మర్నాడు ఆరున్నర బస్సుకు నేనూ ఎక్కాను. లంబసింగి వెళ్లాలనిపించలేదు. అరకు వెళ్లి అక్కడినుంచి విశాఖ. మంచు ఇంకా పోలేదు, లైట్లు వేసుకునే నడుపుతున్నారు. మార్తమ్మ ముందు సీట్లో కూర్చుంది. పక్కన టీచరు, వెనక ఇద్దరు నర్సులు, అటవీ నర్సరీలో పనికి వెళ్లే నలుగురు. అందరూ రోజూ కలిసి వెళ్లేవాళ్లే. ఎవరింట్లో ఏం వండారో, ఎవరి మేక ఈనిందో చెప్పుకుంటున్నారు. కండక్టరు వస్తే మాటలు ఆపకుండానే పాసులు చేతిలో పట్టుకుని గాల్లోకి ఎత్తారు. మార్తమ్మ కొత్త కార్డు కూడా వాటిలో ఉంది. ఆయన దాన్ని ప్రత్యేకంగా చూడలేదు.

మధ్యలో ఆవిడ వెనక్కి తిరిగింది. "నిన్న సిస్టరమ్మ అడిగింది, రేపు వత్తావా అని. వత్తానన్నాను. పాసు అవుతాదో అవదో తెలీకండానే అనేసినాను."

"అయింది కదా," అన్నాను.

"అయింది," అని ముందుకు తిరిగింది.

మిషన్ గేటు దగ్గర బస్సు ఆగింది. పొగగొట్టంలోంచి అప్పటికే పొగ వస్తోంది. పొయ్యి మీద నీళ్లు ఎవరో పెట్టినట్టున్నారు. ఆవిడ క్యారేజి ఎత్తుకుని, "ఆలీసమైపోయింది బావూ," అంటూ బేగిబేగి దిగిపోయింది. వెనకే నర్సులు దిగారు, టీచరు దిగాడు, నర్సరీ పనివాళ్లు దిగారు. గేటు లోపలికి వెళ్లేవాళ్లు వెళ్లారు, మిగతావాళ్లు రోడ్డు దాటారు. ఎవరూ వెనక్కి చూడలేదు. పనికి వెళ్లే మనుషులు చూడరు.

బస్సు కదిలింది. పాసులున్న వాళ్లంతా అక్కడే దిగిపోయారు. టికెట్టు కొనుక్కున్నవాణ్ని నేనొక్కణ్నే.